ఏడో నంబరు మంచం

కీల్పాక్‌లో రాత్రి రెండున్నర.
మందుల ట్రాలీ చాటున నిలబడి
ఫోన్ వెలుతురుకి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాను.
ఎరుపు. నిన్నా ఎరుపే, మొన్నా.
మూడు లక్షల నలభై వేలుండాల్సిన చోట
రెండు లక్షల అరవై రెండు.
ఎనిమిదేళ్లుగా, ప్రతి ఐదో తారీఖునా,
పాలవాడికన్నా ముందే వచ్చి
జీతంలోంచి కోసుకుపోయిన మూడేసి వేలు.

రూపాయల్ని నేను రాత్రుల్లో లెక్కపెడతాను.
యాభై నిండాక నైట్ డ్యూటీ మానేసి
చీకటి పడగానే పడుకునే మనిషిని కావాలని దాచినవి.
డెబ్భై ఎనిమిది వేలంటే
నా మంచం మీంచి ఎన్ని రాత్రులు ఎత్తుకెళ్లారో,
వేళ్ల మీద లెక్క తెగలేదు.

ఎడమ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టుకున్నాను.
నూట పన్నెండు.
ఇంకొకరికైతే డాక్టరుని లేపేదాన్ని.
నాకు నేనే చార్టు రాసుకున్నాను:
అరిచేతుల్లో చెమట, నోరు పిడచగట్టడం,
'అమ్ము' అన్న మాట చుట్టూ
బొటనవేలు తచ్చాడటం.

ఏడో నంబరులో ఎతిరాజులుగారు.
ముత్యాలపేట. నాలుగు తరాల మద్రాసు.
అరవం కలిసిన తియ్యటి తెలుగట,
ఇప్పుడు గొంతులో గొట్టం, ఏ భాషా లేదు.
మూడ్రోజులుగా చేతులు గాల్లో ఆడిస్తున్నారు.
అరచెయ్యి లోపలికి, అరచెయ్యి బయటికి,
వేళ్లు మూడు, వేళ్లు ఐదు.
గొట్టం పీకేసుకుంటారేమోనని
గాజుగుడ్డతో రెండు చేతులూ కమ్మీలకు కట్టింది నేనే.

సాయంత్రం కూతురొచ్చి చూసి
నవ్వింది, వెంటనే ఏడ్చింది.
"కంప్యూటర్లు రాకముందు
నాన్న షేర్ల గుంపులో నిలబడి అరిచేవాడు సిస్టర్.
గోలలో గొంతు వినపడదు గదా, చేతులే మాటలు.
అరచెయ్యి లోపలికంటే కొంటాను,
బయటికంటే అమ్ముతాను."

ఏ ఏడాది మార్కెట్టులో ఉన్నారో ఆయన, నిద్రలో.
బేరం మధ్యలో చేతులు కట్టేశాను.

మూడింటికి మత్తు తగ్గి కళ్లు తెరిచారు.
కుడిచేతి కట్టు విప్పి పలక ఇచ్చాను.
నొప్పనో దాహమనో రాస్తారు ఎవరైనా.
వంకర అక్షరాల్లో: "ఎంత?"
బీపీ చెప్పాను. తల అడ్డంగా ఊపారు.
అరచెయ్యి మెల్లగా బయటికి తిప్పారు.

చెప్పకూడదు.
అయినా రాత్రి మూడింటికి ఇంకెవరితో చెప్పుకోను?
రాశాను. ఎన్ని పాయింట్లు, ఎన్నాళ్లుగా.
కింద, ఎందుకో, నా డెబ్భై ఎనిమిది వేలు కూడా.

చాలాసేపు చదివారు.
నేను మానిటర్ చూస్తున్నాను, గుండె పరిగెడుతుందేమోనని.
ఎనభై రెండు. ఎనభై రెండు. ఎనభై.
పలక తిరిగొచ్చింది:
"అంతేనా?"
దాని కింద: "నీళ్లు."

అది వివేకమో, నేనెక్కించిన మందో నాకు తెలియదు.
పడ్డవన్నీ లేస్తాయని ఆయన రాయలేదు.
ఒకసారి ఇలాగే ఇల్లు పోయిందట.
ఆ సాయంత్రం కూడా కాళ్లు కడుక్కుని
పెరుగన్నం తిన్నారట, మాగాయతో.

తడిదూది పెదవులకి అద్దాను.
చెయ్యి మళ్లీ కట్టక తప్పదు,
కాస్త వదులుగా కట్టాను.
ఫోన్ లాకర్లో పడెయ్యడం నా ధైర్యమని చెప్పుకోను.
నాలుగో మంచం అలారం మోగింది.
తర్వాత సెలైన్లు, పక్కబట్టలు, తెల్లారి తీసే రక్తాలు.
అమ్మడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఏడున్నరకి సెంట్రల్‌లో గుమ్మిడిపూండి లోకల్.
ఎదుటి సీట్లో ఖాళీ పూలబుట్ట వాటేసుకుని
ఒకామె నిద్రపోతోంది.
తొమ్మిది దాటగానే మళ్లీ తెరుస్తారు మార్కెట్టు.
ఇవాళ ఇంకా పడొచ్చు.
నా నిద్ర యాభై రెండుకో, యాభై నాలుగుకో జరగొచ్చు.
రేపు ఐదో తారీఖు.

మణికట్టు పట్టుకు చూశాను. ఎనభై ఎనిమిది.
ఎన్నూరు దగ్గర ఉప్పుగాలి కొట్టింది.
ఫోన్ సంచిలోనే ఉంది.
ఒళ్లో ఉన్న చెయ్యి వంక చూసుకున్నాను,
అరచెయ్యి ఎటు తిరిగి ఉందోనని.